గుండు దూరం పోవట్లేదా? గేర్‌బాక్స్ విప్పే ముందు బ్యారెల్ తుడవండి.. ఎయిర్‌సాఫ్ట్ గన్ లోపలి క్లీనింగ్ పూర్తి వివరాలు

మొన్నటి దాకా 40 మీటర్ల దూరంలో పెట్టిన డబ్బాను టక్కున కొట్టిన గన్.. ఇప్పుడు సగం దూరం కూడా పోకుండానే గుండును నేల మీద పడేస్తోంది. లేదంటే ఒకటి కుడికి, ఇంకోటి ఎడమకు. బ్యాటరీ ఫుల్‌గానే ఉంది. మోటార్ సౌండ్‌లో కూడా తేడా లేదు. మరి ఏమైంది? ఎయిర్‌సాఫ్ట్ గన్ కొత్తగా కొన్నవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తుంటారు. చేతికి అందిన ఆయిల్ స్ప్రే తీసుకుని బ్యారెల్‌లోకి కొట్టేస్తారు. అంతే.. కాస్త తగ్గిన రేంజ్ కాస్తా పూర్తిగా పోతుంది.

ఈ గన్‌లో ఆయిల్ పడాల్సిన చోట్లు కొన్నే. అస్సలు పడకూడని చోటు మాత్రం ఒకటుంది. అదేంటో తెలిస్తే సగం రిపేర్లు ఇంట్లోనే, పది నిమిషాల్లో అయిపోతాయి. అమెరికా, బ్రిటన్‌లలో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్‌లో ఈ ఆట ఆడే మనవాళ్లకు కూడా పనికొచ్చే విషయమిది.

అసలు ఏంటీ ఎయిర్‌సాఫ్ట్?

నాంపల్లి నుమాయిష్‌లోనో, ఊరి జాతరలోనో బెలూన్లు పేల్చే తుపాకీ గుర్తుందా? అది ఎయిర్ గన్. అందులో వాడేది లోహపు పెల్లెట్. ఎయిర్‌సాఫ్ట్ అది కాదు. ఇందులో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు వాడతారు. వాటినే బీబీలు అంటారు. మామూలుగా దొరికే గుండు బరువు 0.20 గ్రాములు. చూడ్డానికి మాత్రం అచ్చం అసలు తుపాకీలాగే ఉంటుంది.

ఈ హాబీ పుట్టింది జపాన్‌లో. అక్కడ మామూలు జనం చేతికి అసలు తుపాకీ దొరకడం చాలా కష్టం. దాంతో బొమ్మ తుపాకీల మీద మోజు పెరిగింది. 1991లో టోక్యో మరుయ్ కంపెనీ బ్యాటరీతో నడిచే ఫామాస్ మోడల్‌ను తెచ్చాక ఆట తీరే మారిపోయింది. ఇవాళ ఏఈజీ అని పిలిచే ఎలక్ట్రిక్ గన్లన్నిటికీ మూలం అదే.

సినిమా వాళ్లు కూడా వీటి వైపు చూస్తున్నారు. 2021 అక్టోబర్‌లో ‘రస్ట్’ సినిమా షూటింగ్‌లో అసలు తుపాకీ పేలి సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోవడం తెలిసిందే. ఆ వెంటనే ‘ది రూకీ’ అనే అమెరికన్ టీవీ సిరీస్ టీమ్ ఒక నిర్ణయం తీసుకుంది. ఇకపై తమ సెట్‌లో ఎయిర్‌సాఫ్ట్ గన్లే వాడతామని, మంటలు, మెరుపులు గ్రాఫిక్స్‌లో కలుపుకుంటామని ప్రకటించింది.

మ్యాగజైన్ తీస్తే సరిపోదు

క్లీనింగ్ అనగానే రాడ్ పట్టుకోవద్దు. ముందు కళ్లద్దాలు. చత్వారం అద్దాలో, కూలింగ్ గ్లాసెసో కాదు.. దెబ్బ తట్టుకునే సేఫ్టీ గ్లాసెస్. అమెరికాలో జెడ్87.1, యూరప్‌లో ఈఎన్166 ప్రమాణాలు ఉన్నాయి. అద్దం మీదో ఫ్రేమ్ మీదో ఆ ముద్ర ఉంటుంది. ఆ ప్రమాణాల్లో కూడా ఇంపాక్ట్ రేటింగ్ ఉన్నవే తీసుకోవాలి.

‘ప్లాస్టిక్ గుండే కదా’ అనుకోవద్దు. 0.20 గ్రాముల గుండు ఒక జౌల్ శక్తితో బయటకు వచ్చిందంటే దాని వేగం సెకనుకు 100 మీటర్లు. అంటే గంటకు 360 కిలోమీటర్లు! ఒంటికి తగిలితే ఎర్రగా కందుతుంది. కంటికి తగిలితే చూపే పోవచ్చు.

అసలు మోసం ఎక్కడంటే.. మ్యాగజైన్ బయటకు తీశాక కూడా గన్‌లో ఒకటో రెండో గుండ్లు మిగిలిపోతాయి. మ్యాగజైన్‌కు, బ్యారెల్‌కు మధ్య ఉండే చిన్న గొట్టంలో అవి ఆగుతాయి. మ్యాగజైన్ చేతిలో ఉంది కాబట్టి గన్ ఖాళీ అనుకుని లోపలికి తొంగిచూసే వాళ్లున్నారు. అందుకే వరుస మారకూడదు. మ్యాగజైన్ తీయాలి. మనుషులెవరూ లేని వైపు గురిపెట్టి, సింగిల్ మోడ్‌లో రెండు మూడు సార్లు కాల్చాలి. తర్వాత సేఫ్టీ పెట్టాలి. ఆ తర్వాతే బ్యాటరీ కనెక్టర్ పీకాలి. బ్యాటరీ ముందే తీసేస్తే ఆ మిగిలిన గుండు లోపలే ఉండిపోతుంది.

సింగిల్ మోడ్ అని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆటోలో కాల్చి వదిలేస్తే పిస్టన్ సగంలో ఆగి, స్ప్రింగ్ నొక్కుకుపోయి ఉండొచ్చు. సింగిల్‌లో కాల్చితే సాధారణంగా స్ప్రింగ్ సడలుతుంది. గన్‌ను దాచేటప్పుడు కూడా ఇదే అలవాటు మంచిది.

రేంజ్ అంతా ఈ చిన్న రబ్బరులోనే

ఇక అసలు విషయానికి వద్దాం. బ్యారెల్ మొదట్లో, గుండు వచ్చి కూర్చునే చోట ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. దీన్ని హాప్-అప్ రబ్బరు అంటారు. దాని పైభాగం కొద్దిగా కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. గుండు వెళ్తూ వెళ్తూ తల భాగంతో దాన్ని రాసుకుంటుంది. ఆ రాపిడికి గుండు వెనక్కి గిరగిరా తిరుగుతూ బయటకు వస్తుంది. అలా తిరిగే గుండును గాలి పైకి లేపుతుంది. దీన్ని మాగ్నస్ ఎఫెక్ట్ అంటారు. క్రికెట్‌లో స్పిన్నర్ టాప్ స్పిన్ వేస్తే బంతి అనుకున్నదానికంటే ముందే కిందికి దిగుతుంది కదా.. ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా రివర్స్.

ఆ రబ్బరు మీద ఆయిల్ పడిందనుకోండి. గుండు రాసుకోదు, జారిపోతుంది. స్పిన్ లేదు కాబట్టి గాలి లేపదు. 20 మీటర్లకే నేల పడుతుంది. ఆయిల్ ఒకవైపే అంటుకుంటే గుండు పక్కకు తిరుగుతుంది. కుడికి, ఎడమకు పోవడానికి కారణం చాలాసార్లు ఇదే. గన్ అమ్మినవాడు మోసం చేశాడని తిట్టుకునే ముందు ఒకసారి రబ్బరు చూడటం మంచిది.

ఇప్పుడు బ్యారెల్ లెక్క చూద్దాం. మంచి గుండు వ్యాసం దాదాపు 5.95 మిల్లీమీటర్లు. టోక్యో మరుయ్ బ్యారెల్ లోపలి వ్యాసం సుమారు 6.08. బిగుతుగా ఉండాలని కొందరు వేయించుకునే టైట్ బోర్ బ్యారెల్ అయితే 6.03, కొన్ని 6.01 కూడా ఉంటాయి. అంటే గుండుకు, గోడకు మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటర్‌లో పదో వంతు కంటే కాస్త ఎక్కువ.. లేదా అంతకంటే తక్కువ. ఆ సందులో మట్టి రేణువు చేరితే గుండు తిన్నగా ఎలా వెళ్తుంది? టైట్ బోర్ వేయించుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువగా తుడవాల్సింది ఇందుకే.

బ్యారెల్ తుడిచే పద్ధతి ఇదీ..

గన్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ రాడ్ చాలు. దాని చివర సూదికి ఉన్నట్టు ఒక కన్నం ఉంటుంది. పాత కాటన్ బనియన్ గుడ్డను సన్నగా చింపి అందులో దూర్చి, రాడ్ చుట్టూ చుట్టాలి. లోపలికి కాస్త ఒత్తుగా వెళ్లాలి కానీ బలంగా తొయ్యాల్సి వస్తే గుడ్డ ఎక్కువైనట్టే. ఇరుక్కుందంటే తీయడం నరకం. ఇనుప తీగ, స్టీల్ రాడ్ జోలికి అస్సలు పోవద్దు. లోపలి బ్యారెల్ ఎక్కువ గన్లలో ఇత్తడిదే. గీత పడితే మళ్లీ సరికాదు.

రాడ్ పెట్టే ముందు హాప్-అప్ డయల్‌ను పూర్తిగా సున్నాకు తిప్పాలి. ఇది మర్చిపోతే కిందికి దిగి ఉన్న రబ్బరును రాడ్ పొడిచి చింపేస్తుంది. గన్‌ను తలకిందులుగా, మూతి కిందికి వంచి పట్టుకుంటే మురికి లోపలికి జారదు. మూతి వైపు నుంచి రాడ్‌ను నెమ్మదిగా తిప్పుతూ లోపలికి తోసి, తిప్పుతూనే బయటకు లాగాలి. మొదటిసారి గుడ్డ నల్లగా వస్తుంది. కంగారు అక్కర్లేదు. దుమ్ము, గుండ్ల నుంచి రాలిన పొడి, పాత ఆయిల్.. అన్నీ కలిసిన నలుపు అది. గుడ్డ మార్చి మళ్లీ తుడవాలి.

పొడి గుడ్డకు రాకపోతే దాని మీద రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేయొచ్చు. రెండే చుక్కలు.. కారేటట్టు కాదు. తడి గుడ్డ రబ్బరు మీద ఎక్కువసేపు ఉండకూడదు. చివర్లో తప్పనిసరిగా పొడి గుడ్డతో ఒకసారి. గుడ్డ తెల్లగా వచ్చిందంటే పని అయినట్టే. ఆడి వచ్చిన ప్రతిసారీ ఇది చేస్తే చాలు.. అంతకు మించి బ్యారెల్‌కు సేవ అవసరం లేదు.

తుడిచాక హాప్-అప్‌ను పాత స్థానానికి తేవాలి. మొదటి పది, ఇరవై గుండ్లు కాస్త అటూ ఇటూ పోవచ్చు. రబ్బరు మళ్లీ కుదురుకునేదాకా అంతే. ఆ లోపే డయల్‌ను తెగ తిప్పేస్తే అసలు సెట్టింగ్ ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

ఇంకో మాట. నేల మీద పడిన గుండ్లు ఏరి మళ్లీ మ్యాగజైన్‌లో నింపే పొదుపు వద్దు. ఒక గుండు మీద కంటికి కనిపించని పగులు ఉన్నా లోపల ముక్కలై ఇరుక్కుంటుంది. మట్టిలో కలిసిపోయే బయో గుండ్లు వాడేవాళ్లు ప్యాకెట్ గట్టిగా మూసి పెట్టాలి. చెమ్మ తగిలితే అవి ఉబ్బుతాయి. 5.95 ఉండాల్సింది కొంచెం పెరిగినా ఏమవుతుందో పైన చెప్పుకున్నాం కదా.

ఏ ఆయిల్ ఎక్కడ?

‘ఇంట్లో కుట్టు మిషన్ ఆయిల్ ఉంది, కొబ్బరి నూనె ఉంది, డబ్ల్యూడీ-40 ఉంది.. ఏదో ఒకటి వేసేద్దాం’ అంటే కుదరదు. పెట్రోలియంతో చేసిన నూనెలు రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి పాడుచేస్తాయి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కూడా తినేస్తాయి. కొబ్బరి నూనె సంగతి చలికాలం సీసా చూస్తేనే తెలుస్తుంది.

రబ్బరు ఉన్న చోట, అంటే ఓ-రింగులకు, గ్యాస్ సీళ్లకు సిలికాన్ ఆయిల్ లేదా సిలికాన్ గ్రీజు. ఇనుము ఇనుముతో రాసుకునే గేర్లకు లిథియం గ్రీజు లాంటి చిక్కటి గ్రీజు. రెండూ తారుమారైతే నష్టమే. గేర్ల మీద సిలికాన్ ఆయిల్ ఆ ఒత్తిడికి నిలవదు. ఇక హాప్-అప్ రబ్బరుకు, బ్యారెల్ లోపలికి.. ఏదీ వద్దు. సిలికాన్ కూడా వద్దు.

గేర్‌బాక్స్‌లో ఏం జరుగుతుంది?

ఎలక్ట్రిక్ గన్ గుండె ఇదే. ట్రిగ్గర్ నొక్కగానే మోటార్ తిరుగుతుంది. దాని పళ్లు బెవెల్ గేర్‌ను, అది స్పర్ గేర్‌ను, అది సెక్టర్ గేర్‌ను తిప్పుతాయి. సెక్టర్ గేర్‌కు చుట్టూ పళ్లుండవు, కొంత భాగానికే ఉంటాయి. ఆ పళ్లు పిస్టన్‌ను పట్టుకుని స్ప్రింగ్‌కు ఎదురుగా వెనక్కి లాగుతాయి. పళ్లు అయిపోగానే పిస్టన్ జారి ముందుకు దూకుతుంది. సిలిండర్‌లోని గాలి నాజిల్ గుండా వెళ్లి గుండును తోస్తుంది. సైకిల్ పంపు కొట్టినట్టే. కాకపోతే సెకనుకు 15 గుండ్లు వదిలే గన్‌లో ఇదంతా సెకనుకు 15 సార్లు జరగాలి.

కాబట్టి లోపల అరుగుదల ఖాయం. అలాగని వారం వారం విప్పాల్సిన పని లేదు. నిజానికి కొత్తవాళ్ల చేతిలో గేర్‌బాక్స్‌లు అరిగి పోయినవాటి కంటే అనవసరంగా విప్పి పాడైనవే ఎక్కువ అనిపిస్తుంది. ముందు చెవితో వినాలి. ‘కుయ్’మని సన్నటి కీచు శబ్దం పెరిగిందా? చాలా గన్లలో పిస్టల్ గ్రిప్ అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. మోటార్ ఎత్తును సరిచేసేది అదే. పావు తిప్పు కంటే తక్కువ తిప్పి, ఒక గుండు కాల్చి వినాలి. శబ్దం తగ్గితే సమస్య తీరినట్టే. మోటార్ తిరుగుతోంది, గుండు మాత్రం రావట్లేదంటే పిస్టన్ పళ్లు ఊడి ఉండొచ్చు. అసలు శబ్దమే లేదంటే ముందు బ్యాటరీ, ఫ్యూజ్, కనెక్టర్ చూడాలి. గరగరమంటూ రాయి నలిగినట్టు వినిపిస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. ‘ఇంకొక్క మ్యాగజైన్ కొట్టి చూద్దాం’ అంటే 1 భాగంతో పోయేది 4 భాగాలకు చేరుతుంది.

విప్పక తప్పదంటే..

తెలిసినవాళ్లు పక్కన ఉంటేనే మొదటిసారి ఈ పని పెట్టుకోవాలి. బ్యాటరీ దూరంగా ఉండాలి. మోటార్ తీసేశాక, గేర్లు వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కెం ఒకటుంటుంది. యాంటీ రివర్సల్ ల్యాచ్ అంటారు. దాన్ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో జరిపితే స్ప్రింగ్ పూర్తిగా సడలుతుంది. ఇది చేయకుండా పెట్టె తెరిచారంటే స్ప్రింగ్ ఎగిరి ముఖానికి కొడుతుంది. అందుకే పెట్టె రెండు భాగాలు విడదీసేటప్పుడు స్ప్రింగ్ గైడ్ వెనుక ఉండే రంధ్రంలో పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి అదిమి పట్టుకుంటారు. కళ్లద్దాలు అప్పుడు కూడా తీయకూడదు.

పక్కన తెల్ల గుడ్డ పరుచుకుని, విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. గేర్ల ఇరుసులకు షిమ్‌లని కాగితంలాంటి పల్చటి వాషర్లు ఉంటాయి. మందం 0.1 మిల్లీమీటర్ నుంచి మొదలవుతుంది. ఏ గేర్‌కు ఏ వైపు ఏది ఉందో అక్కడికే వెళ్లాలి. ఒకటి గ్రీజుకు అంటుకుని గుడ్డలో పోయిందంటే.. మర్నాటి నుంచి కొత్త శబ్దం మొదలు.

పాత గ్రీజు నల్లగా మారి, అందులో ఇనుప పొడి మెరుస్తూ ఉంటుంది. ఆల్కహాల్‌లో ముంచిన టూత్ బ్రష్‌తో అది మొత్తం పోయేదాకా రుద్దాలి. పాతదాని మీదే కొత్త గ్రీజు పూయడం అంటే ఇసుక కాగితానికి నూనె రాసినట్టు. కొత్తది గేర్ పళ్లకు, పిస్టన్ జారే గాడులకు పల్చగా, కనిపించీ కనిపించనట్టు పూస్తే చాలు. పిస్టన్ తలకు ఉండే ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు. ట్రిగ్గర్ దగ్గర విద్యుత్ కలిసే రాగి రేకులు నిప్పురవ్వలతో నల్లబడి ఉంటే కాటన్ బడ్‌తో తుడవాలి. అక్కడ గ్రీజు పూయకూడదు.

మళ్లీ బిగించే ముందు ఒక చిన్న పరీక్ష. నాజిల్ మూతిని వేలితో మూసి, పిస్టన్‌ను చేత్తో లోపలికి తోయాలి. గాలి బిగిసి వెనక్కి తన్నితే సీల్ బాగున్నట్టు. సుయ్‌మని జారిపోతే ఓ-రింగో, సిలిండర్ తలో చూడాలి. ఎం4 రకం గన్లలో వాడే వెర్షన్ 2 గేర్‌బాక్స్ అయితే ముందు భాగంలో, పిస్టన్ వచ్చి కొట్టే చోట సన్నటి పగులు ఉందేమో కూడా గమనించాలి. ఆ డిజైన్‌కు అక్కడే బలహీనత.

గ్రీజు ఎక్కువ పూస్తే ఏమవుతుంది? కాల్చిన ప్రతిసారీ గాలితో పాటు తుంపరలు నాజిల్ గుండా ముందుకు వెళ్తాయి. వెళ్లి ఎక్కడ పడతాయి? హాప్-అప్ రబ్బరు మీదే. కథ మళ్లీ మొదటికొస్తుంది.

గ్యాస్ పిస్టల్ ఉంటే వంటింట్లో వద్దు

గ్రీన్ గ్యాస్ అని అమ్మే డబ్బాలో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, దాంట్లో కొద్దిగా సిలికాన్ ఆయిల్. మన వంట సిలిండర్‌లో ఉండేది కూడా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమే. కాబట్టి స్టవ్ దగ్గర, సిగరెట్ వెలిగించి మ్యాగజైన్ నింపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. కిటికీ తీసి నింపుకోవాలి.

ఇందులో ముందుగా పోయేవి మ్యాగజైన్‌లోని రబ్బరు సీళ్లు. అవి ఎండకుండా అప్పుడప్పుడు గ్యాస్ నింపే వాల్వ్‌లో ఒక చుక్క సిలికాన్ ఆయిల్ వేసి నింపాలి. దాచేటప్పుడు కొంచెం గ్యాస్ లోపల ఉంచితే సీళ్లు బిగుతుగా ఉంటాయి. పూర్తిగా నింపి మాత్రం వద్దు. ఎండలో పార్క్ చేసిన కారులో వదిలేయడం అసలే వద్దు. వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అది డాలస్ ఎండ అయినా, మన రెంటచింతల ఎండ అయినా ఒకటే.

బ్యాటరీ, పరీక్ష, ప్రయాణం

లైపో బ్యాటరీ అయితే గన్‌లోనే ఉంచి దాచకూడదు. ఒక్కో సెల్ ఫుల్ చార్జ్‌లో 4.2 వోల్టులు. 3 వోల్టుల కిందికి పోతే పాడవుతుంది. వారాల తరబడి వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మంచి చార్జర్లలో దీనికి స్టోరేజ్ మోడ్ ఉంటుంది. ఉబ్బిన బ్యాటరీని ‘ఇంకో రెండు సార్లు’ అని కూడా వాడొద్దు. రాత్రి చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

అంతా బిగించాక కాల్చి చూడాలనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, పార్కింగ్‌లో మాత్రం వద్దు. అమెరికాలో ఎయిర్‌సాఫ్ట్ గన్ మూతికి నారింజ రంగు ఉండాలనే నిబంధన ఉంది. క్లీనింగ్ కోసం ఊడదీసిన ఆ ముక్కను చాలామంది మళ్లీ పెట్టరు. 2014 నవంబర్ 22న క్లీవ్‌లాండ్‌లోని ఒక పార్కులో 12 ఏళ్ల బాలుడి చేతిలో ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ గన్నే. దానికి నారింజ మూతి లేదు. ఫోన్ కాల్ అందుకుని వచ్చిన పోలీసులు కారు ఆగిన క్షణాల్లోనే కాల్చారు. బాలుడు మర్నాడు చనిపోయాడు. దూరం నుంచి చూసేవాళ్లకు అది బొమ్మో కాదో తెలియదు. టెస్ట్ చేయాలంటే ఆట మైదానమే. అక్కడిదాకా బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసి తీసుకెళ్లాలి.

అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు గన్ చెక్-ఇన్ లగేజీలోనే వెళ్లాలి. క్యాబిన్‌లోకి అనుమతి లేదు. విడి లైపో బ్యాటరీలకు మాత్రం రూల్ రివర్స్.. అవి చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. గ్యాస్ డబ్బాలు రెండిట్లోనూ కుదరవు. దేశం దాటి ఇండియాకు తెచ్చే ఆలోచన ఉంటే, టికెట్ బుక్ చేయడానికి ముందే కస్టమ్స్ వాళ్లను అడిగి తెలుసుకోవాలి.